గాలి పడవ డి-రింగ్ సగం ఊడింది: లేచిన అంచు అంటిస్తే చాలా, మొత్తం పీకాలా?

తెడ్డు_కొత్త: పడవ పీవీసీదే. ముందు వైపు, లాగే తాడు కట్టే డి-రింగ్ (D ఆకారపు కడియం) ఉన్న ప్యాచ్ ఒక అంచు నుంచి మూడో వంతు దాకా లేచింది. మిగతాది గట్టిగానే ఉంది. కింద గ్లూ రాసి నొక్కేస్తే సరిపోతుందా?

నదిబాట: సరిపోదండి, మొత్తం తీసేయండి. లేచిన చోట పాత గ్లూ అలాగే ఉంటుంది, కొత్త గ్లూ దానికే అతుక్కుంటుంది తప్ప పీవీసీకి పట్టదు. ఆ సందులో శుభ్రంగా తుడవడం కూడా కుదరదు. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేస్తూ మెల్లగా లాగండి, పాత గ్లూ అంతా పోయేదాకా ఎమ్ఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్ అనే ద్రావకం)తో తుడవండి, హార్డెనర్ (గ్లూని గట్టిపరిచేది) కలిపే రెండు భాగాల పాలియురేతేన్ గ్లూని ట్యూబ్‌కీ (గాలి నింపే గొట్టం) ప్యాచ్‌కీ పల్చగా రెండేసి పూతలు వేయండి. మొదటి పూత ఆరాకే రెండోది. వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు అతికించి, మధ్య నుంచి అంచులకి రోలర్‌తో గట్టిగా నొక్కాలి. కనీసం ఒక రోజు గాలి కొట్టకండి, పూర్తి బలం రావడానికి వారం దాకా పడుతుంది.

పాతపడవ: గట్టిగా ఉన్నదాన్ని పీకమని ఎలా చెప్తారండీ? నా పడవ బాగుచేయమని ఇస్తే అక్కడ అలాగే పీకారు, ట్యూబ్ మీది పూత ప్యాచ్‌తో పాటు లేచొచ్చి లోపలి నేత దారాలు బయటపడ్డాయి. పట్టుకునే హ్యాండిల్ కోసం ట్యూబ్ పాడైంది. లేచిన అంచు మాత్రం అసిటోన్‌తో తుడిచి అంటించుకోండి.

అల: హైపలాన్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) పడవకీ ఇదే గ్లూనా?

నదిబాట: కాదు. హైపలాన్‌కి నియోప్రీన్ గ్లూ వాడాలి, ముందు గరుకు కాగితంతో రుద్దాలి. గ్లూలు తారుమారైతే ఎంత నొక్కినా నిలవదు. ఇక అసిటోన్ సంగతి, అది మరీ త్వరగా ఆవిరైపోయి ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ ఎక్కువున్న రోజు ఆ చల్లదనానికి చెమ్మ పడుతుంది. చెమ్మ మీద గ్లూ వేస్తే హార్డెనర్ నీటితోనే కలిసి పాడవుతుంది.

పాతపడవ: ఎప్పుడూ అసిటోనే వాడాను, ఏ ఇబ్బందీ రాలేదు. పొడి వాతావరణంలో చేస్తే చెమ్మ ఎక్కడి నుంచి వస్తుంది?

నదిబాట: అన్ని రోజులూ పొడిగా ఉంటాయా?

పాతపడవ: తేమగా ఉన్న రోజు ఎమ్ఈకే వాడినా అంటించకూడదు కదా! ఇక అందులో తేడా ఏముంది?

మోటారుబోటు: ఇద్దరూ సీసాల దగ్గరే ఆగిపోయారు. ఏది వాడినా కిటికీలు తెరిచి, గ్లౌజులు వేసుకుని చేయండి, ఆ ఆవిర్లు మంచివి కావు.

నదిబాట: సీసా గురించి కాదు నా బాధ. పాత యజమాని అంచు మాత్రమే అంటించి అమ్మిన పడవ నేను కొన్నాను, మా అక్క కొడుకుని కూర్చోబెట్టుకుని వెళ్తుంటే తెడ్డు బిగించే ఓర్‌లాక్ నీటి మధ్యలో ఊడి చేతికొచ్చింది. బయటికి చూస్తే గట్టిగానే కనిపించింది! ఇలాంటి గ్లూ పక్కకి లాగితే చాలా బరువు తట్టుకుంటుంది, అంచు పట్టి పైకి లేపితే మాత్రం కొంచెం కొంచెంగా వదిలేస్తుంది. మిగతా రెండు వంతులు అంటుకుని ఉందంటే, దాని వంతు ఇంకా రాలేదని అర్థం, అంతే.

పాతపడవ: అలా అయితే మిగతా డి-రింగ్‌లూ హ్యాండిళ్లూ అదే గ్లూ, అదే వయసు. అన్నీ పీకేయమంటారా? పడవంతా దారాలు తేలాక నీళ్లలోకి ఎలా దింపుతారు? మీకు ఫిట్టింగ్ ఊడుతుందని భయం, నాకు ట్యూబ్ పోతుందని భయం. ట్యూబ్ పోతే పడవే లేదు.

నదిబాట: అన్నీ పీకమనలేదు. ప్రతి అంచునీ గోటితో లేపి చూడమంటాను, లేచినవాటిని మొత్తం తీయమంటాను. వేడి చాలితే పూత లేవదు, తొందరపడి చల్లగా లాగినప్పుడే లేస్తుంది. మీ పడవ పాడుచేసినవాళ్లు వేడి చేశారా?

పాతపడవ: నేను పక్కనే నిలబడి చూడలేదు.

అల: వేడి ఎక్కువైతే పక్కనున్న ట్యూబ్ అతుకు కూడా వదులుతుంది, హీట్ గన్ ఒకచోట ఆపకండి.

మోటారుబోటు: ఇంకో దారి ఉంది. పాతదాని జోలికి పోకుండా, దాని పక్కన శుభ్రమైన చోట పెద్ద ప్యాచ్ ఉన్న కొత్త డి-రింగ్ అంటించి తాడు దానికి కట్టుకోండి. పాతది ఖాళీగా ఉంటుంది, ట్యూబ్‌కీ దెబ్బ తగలదు.

పాతపడవ: ఇది నాకు నచ్చింది.

నదిబాట: ముందు వైపు చోటుంటే సరే. ఓర్‌లాక్‌కి ఇది కుదరదు, తెడ్డు అందే చోటు ఒక్కటే.

తెడ్డు_కొత్త: చోటుంది. కొత్తది పక్కన పెడతాను. ప్యాచ్ అంచులు గుండ్రంగా కత్తిరించాలా, చతురస్రంగా ఉన్నా పర్లేదా?

నదిబాట: గుండ్రంగానే. మూల ఉంటే లేవడం అక్కడే మొదలవుతుంది.