హీరోయిన్ హత్య కథలో రాత్రి పోస్టుమార్టం చిక్కు, తెలిసినవాళ్లు చెప్పండి

నమస్తే. మాది హన్మకొండ. మొదటిసారి క్రైమ్ నవల రాస్తున్నాను, పదకొండో అధ్యాయం దగ్గర బండి ఆగిపోయింది.

కథ ఇది. చౌరస్తా దగ్గర బట్టల షాపు ఓపెనింగ్‌కు హైదరాబాద్ నుంచి ఒక హీరోయిన్ వస్తుంది. రిబ్బన్ కట్ చేసి, రెండు చీరలు భుజం మీద వేసుకుని ఫొటోలు దిగి, పైఅంతస్తు స్టాక్ రూములో కూర్చుంటుంది. కొత్త బట్టల గంజి వాసన, విప్పని అట్టపెట్టెలు, స్టూలు మీద సగం తాగిన కొబ్బరినీళ్లు. అరగంటకు తలుపు తీస్తే ప్రాణం లేదు. కింద జనం సెల్ఫీ కోసం ఇంకా అరుస్తూనే ఉంటారు. (ఈ సీను మాత్రం బాగా కుదిరింది, నా డప్పు నేనే కొట్టుకుంటున్నా.)

అప్పటికి రాత్రి ఎనిమిది. శవాన్ని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మార్చురీకి తెస్తారు. సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్టుమార్టం చేయవచ్చని కేంద్రం 2021 నవంబరులో చెప్పింది గానీ, హత్య కేసులకు కుదరదు, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప. నా కథలో గేటు బయట అభిమానులు రాళ్లు పట్టుకుని ఉన్నారు. ఈ మినహాయింపు కోసం పోలీసుల్లో ఎవరు అడగాలి? డాక్టరు ఒప్పుకోకపోతే?

ఇంకొకటి. బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 194 సెక్షన్ కింద శవ పంచనామా జరుగుతుంటే ఆమె ఫోన్ మేనేజర్ జేబులో ఉంది. ఇవ్వనంటే ఎస్సై అక్కడికక్కడే తీసుకోవచ్చా?

పోలీసు, ఫోరెన్సిక్ వాళ్లు, సెలబ్రిటీల దగ్గర బౌన్సర్లుగా చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి అన్నా, అక్కా. సినిమాల్లో చూసింది వద్దు, అది నాకూ తెలుసు.