ఎంబీఏ పిల్లల్ని రెండు నెలలు కిరాణా కొట్ల చుట్టూ తిప్పడం చదువా, చాకిరీయా?

బెజవాడ_బీట్:
హైదరాబాద్‌లో ఎంబీఏ మొదటి సంవత్సరం అయ్యింది. ఏప్రిల్, మే నెలల్లో ఒక పెద్ద సబ్బులు, బిస్కెట్ల కంపెనీలో (పేరు చెప్పను) సేల్స్ ఇంటర్న్‌షిప్ చేశాను. ఏసీ రూములో కూర్చుని మార్కెట్ ప్లాన్లు వేస్తామనుకుని వెళ్తే, మొదటి రోజే విజయవాడ వన్ టౌన్‌లో డిస్ట్రిబ్యూటర్ గోడౌన్ దగ్గరికి తీసుకెళ్ళి ఒక సేల్స్‌మన్ బండి వెనక కూర్చోబెట్టారు. రోజుకి 40 కొట్లు. మే నెలలో బెజవాడ ఎండ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు.

నా గొడవ ఎండ గురించి కాదు. కొత్తగా వచ్చిన ఒక బిస్కెట్‌కి రెండో ఆర్డర్ ఎందుకు రావట్లేదో కనుక్కోవాలి, అదీ నా ప్రాజెక్టు. 300 కొట్లు తిరిగాను. ఒక కొట్టాయన ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్ళి అట్టపెట్టె తెచ్చి కౌంటర్ మీద బోర్లించాడు. అన్నీ డేట్ అయిపోయిన ప్యాకెట్లే, రెండు ఎలకలు కొరికినవి. "ముందు ఇవి తీసుకెళ్ళు బాబూ, ఆర్డర్ సంగతి తర్వాత" అన్నాడు. చాలా కొట్లలో ఇదే మాట. అదే రిపోర్టులో పెడితే మేనేజర్ గారు ఆ స్లైడ్ తీసేసి 'రిటైలర్లలో అవగాహన లోపం' అని రాయమన్నారు. రాశాను. కాలేజీలో దానికే 'ఏ' గ్రేడ్ ఇచ్చారు. దీన్ని చదువంటారా?

పాత_ఏఎస్ఎం:
తమ్ముడూ, ఈ లైన్లో 14 ఏళ్ళు చేశాను, ఏఎస్ఎం (ఏరియా సేల్స్ మేనేజర్) గా కూడా, 'చాకిరీ' అన్న మాట దగ్గరే నాకు పేచీ. నువ్వు చూసిన ఆ అట్టపెట్టె ఏ క్లాసులోనూ కనపడదు. కంపెనీకి అమ్మకం అంటే డిస్ట్రిబ్యూటర్‌కి బిల్లు కొట్టడం, దాన్ని ప్రైమరీ అంటాం. అక్కడి నుంచి కొట్లకి వెళ్ళేది సెకండరీ. నెలాఖరుకి టార్గెట్ కోసం ప్రైమరీ తోసేస్తే సరుకు గోడౌన్‌లో పేరుకుపోతుంది, దాన్ని వదిలించుకోవడానికి పది తీసుకుంటే ఒకటి ఫ్రీ అని స్కీము పెట్టి కొట్లలో దింపుతారు, అక్కడ కదలక డేట్ అయిపోతుంది. నీ ప్యాకెట్ల కథ బహుశా ఇదే. ఇది కళ్ళారా చూసినవాడు రేపు మేనేజరైతే నెలాఖరున బిల్లు కొట్టే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. స్లైడ్ తీయించడం తప్పే, కాదనను. కానీ ఆ మేనేజర్‌కి కూడా పైన ఒకడుంటాడు.

కౌంటర్_కుర్రాడు:
మాది గుంటూరులో కిరాణా కొట్టు. పైన ఒకడుంటాడు అంటే సరిపోయిందా అన్నా? ఆ డేట్ అయిపోయిన ప్యాకెట్లలో ఉన్నది మా నాన్న డబ్బు. ప్రతి వేసవికీ టక్ చేసుకుని ఒక కుర్రాడు వస్తాడు, 'అంకుల్, ఐదు నిమిషాలు' అంటాడు, బేరం మధ్యలో ప్రశ్నలడుగుతాడు, షెల్ఫ్ ఫోటో తీసుకుని పోతాడు, మళ్ళీ కనపడడు. పోయినేడు వచ్చిన అబ్బాయికీ నాన్న ఇదే చెప్పాడు. ఆ మాటలు ఏ చెత్తబుట్టలోకి పోతున్నాయో ఇప్పుడు తెలిసింది.

నీళ్ళు_తాగని_ఇంటర్న్:
అందరూ ఎండ అంటున్నారు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం దాకా బీట్‌లో (ఆ రోజు తిరగాల్సిన కొట్ల వరసలో) తిరిగే అమ్మాయి బాత్రూమ్‌కి ఎక్కడికి వెళ్ళాలి? మొదటి వారం నీళ్ళు తాగడమే మానేశాను. చివరికి డిస్ట్రిబ్యూటర్ గారి భార్య చూసి, మధ్యాహ్నం మా ఇంటికి వచ్చెయ్యమ్మా అన్నారు. ఇండక్షన్‌లో బ్రాండ్ల గురించి రెండు గంటలు చెప్పినవాళ్ళకి దీని గురించి ఒక్క ముక్క చెప్పాలనిపించలేదు.

అయినా నేను చదువనే అంటాను, కాకపోతే అది చెప్పింది కంపెనీ కాదు. మా సేల్స్‌మన్ కొట్లోకి వెళ్ళగానే ఆర్డర్ అడిగేవాడు కాదు. ముందు షెల్ఫ్ మీద దుమ్ము తుడిచి, వెనక వరసలో ఉన్న పాత ప్యాకెట్లు ముందుకి జరిపి, తలుపు దగ్గర షాంపూ ప్యాకెట్ల దండ సరిచేసి, అప్పుడు ట్యాబ్ తీసేవాడు. ఆయన జీతం ఇచ్చేది డిస్ట్రిబ్యూటర్. నా స్టైపెండ్ ఆయన జీతం కన్నా ఎక్కువని మూడో వారంలో తెలిసింది. ఆ రోజు టీ డబ్బులు నేనిచ్చాను, అంతకన్నా ఏం చేయాలో తోచలేదు.

డిగ్రీ_మేష్టారు:
ఏపీలో 2020-21 నుంచి డిగ్రీలోనే పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టిన పీఎం ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకి 5,000 ఇస్తామన్నారు. అంటే పిల్లల్ని కంపెనీల్లోకి పంపాలని అందరికీ ఉంది. వాళ్ళు తెచ్చిన రిపోర్టు చదివే తీరికే ఎవరికీ లేదు, నాతో సహా. ఈ ఏడు నా బల్ల మీద 38 రిపోర్టులు. బైండింగ్, కంపెనీ సంతకం, ముందు పది పేజీలు చూశాను. ఒక్క కొట్టుకి కూడా ఫోన్ చేయలేదు. ఆ 'ఏ' గ్రేడ్ తప్పు మేనేజర్ ఒక్కడిదే కాదండి.

బెజవాడ_బీట్:
మేష్టారూ, మీరు ఇలా ఒప్పుకుంటారనుకోలేదు. కౌంటర్ బ్రో, సారీ. అసలు టెన్షన్ ఏంటంటే, వచ్చే నెల ఆ కంపెనీలోనే ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది, ప్యానెల్‌లో ఆ మేనేజరే ఉంటారట. తీసేసిన స్లైడ్ నా దగ్గరే ఉంది. చూపించాలా వద్దా?

పాత_ఏఎస్ఎం:
స్లైడ్ వద్దు, పరువు సమస్య అవుతుంది. ఏ కొట్లో ఎన్ని పాత ప్యాకెట్లు, ఎంత విలువ, అలా లెక్క ఏమైనా రాసుకున్నావా? ఉంటే అది పట్టుకెళ్ళు. డ్యామేజీ క్లెయిములు (పాడైన సరుకుకి కొట్లవాళ్ళకి రావాల్సిన డబ్బు) క్లియర్ చేస్తే రెండో ఆర్డర్ ఎంత రావచ్చో చెప్పు. ఆయన్ని తప్పుపట్టినట్టూ ఉండదు, విషయమూ బయటికొస్తుంది.

బెజవాడ_బీట్:
112 కొట్లకి రాసుకున్నాను అన్నా. తర్వాత ఎండకి ఓపిక లేక మానేశాను.

కౌంటర్_కుర్రాడు:
113 రాసుకో. మాది గుంటూరైనా అదే కంపెనీ అయ్యుంటుంది, ఆ బిస్కెట్ నాకు తెలుసు. ఒకటిన్నర పెట్టె ఉంది, రాత్రి కొట్టు కట్టాక లెక్కపెట్టి చెప్తా.