పాత స్టేట్ హైవే నంబర్ల జాబితా ఎక్కడ దొరుకుతుందండీ?

మాది అల్వాల్. తాతయ్య పొలం కాగితాల్లో తూర్పు హద్దుగా ‘స్టేట్ హైవే’ అని రాసి పక్కన నంబరు వేశారు. సిరా వెలిసిపోయి చివరి అంకె ఒకటో ఏడో తేలట్లేదు. ఇప్పటి మ్యాపులో ఆ రోడ్డుకి అసలు వేరే నంబరే ఉంది.

జాతీయ రహదారుల సంగతి తెలుసు. 2010లో మార్చారు, మన 7 కాస్తా 44 అయింది, విజయవాడ రోడ్డు 9 పోయి 65 వచ్చింది (మా నాన్న ఇప్పటికీ ‘సెవెన్’ అనే అంటారు). ఉత్తర దక్షిణాలకు సరి సంఖ్య, తూర్పు పడమరలకు బేసి. రాష్ట్ర రహదారులకూ ఇలాంటి లెక్కేమైనా ఉందా? రాజీవ్ రహదారికి (హైదరాబాద్–కరీంనగర్ రోడ్డు) 1 ఎలా వచ్చింది? రోడ్డు జాతీయ రహదారి అయిపోతే పాత నంబరు ఖాళీగా వదిలేస్తారా, ఇంకోదానికిస్తారా?

2014కి ముందటి ఆర్అండ్‌బీ (రోడ్లు, భవనాల శాఖ) జాబితా ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో పెట్టండి, ప్లీజ్.