దవడ కీలు అతుక్కుపోయిన పిల్లవాడికి శస్త్రచికిత్స ఇప్పుడా, ఎదిగిన తరువాతా?

ప్రశ్న

మా బాబుకు ఎనిమిదేళ్లు. మూడో ఏట మెట్ల మీద నుంచి పడినప్పుడు గడ్డానికి కుట్లు వేయించి ఊరుకున్నాము. క్రమంగా నోరు మూసుకుపోతూ వచ్చి, ఇప్పుడు పళ్ల మధ్య 4 మిల్లీమీటర్ల సందు మాత్రమే మిగిలింది. చెంచాలోనిది పెదవుల సందున పోయవలసి వస్తోంది. కుడి దవడ కీలు పుర్రె ఎముకతో అతుక్కుపోయిందని, దీనిని ఆంకిలోసిస్ అంటారని సీటీ స్కాన్ చూసి చెప్పారు. వెంటనే ఆపరేషన్ చేయాలని ఒక వైద్యుడు, ఎదుగుదల పూర్తయ్యేదాకా ఆగమని మరొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు 1

నేను దవడ శస్త్రచికిత్స విభాగంలో పనిచేస్తున్నానండి. బాబును చూడకుండా తుది మాట చెప్పలేను గానీ, ఆగడం వల్ల నష్టమే ఎక్కువని నా అభిప్రాయం. కీలు కదలనప్పుడు ఆ వైపు దవడ సరిగా ఎదగదు, గడ్డం వెనక్కి పోయి గాలి దారి ఇరుకవుతుంది.

చెవి ముందు కోసి, అతుక్కున్న ఎముకను పూర్తిగా తొలగించి, 1 నుంచి 1.5 సెంటీమీటర్ల ఖాళీ ఉంచి, అందులో కణత కండరపు పొరను అమరుస్తారు. సందు చిన్నదైతే ఎముక మళ్లీ కలిసిపోతుంది. 1990లో కాబన్ అనే దవడ శస్త్రవైద్యుని బృందం సూచించిన క్రమంలో అదే వైపు కొరొనాయిడ్ అనే దవడ ఎముక కొమ్మును కూడా తీస్తారు, అప్పటికీ నోరు 35 మిల్లీమీటర్లు తెరుచుకోకపోతే రెండో వైపుదీ తీస్తారు. తరువాత పక్కటెముకను మృదులాస్థితో సహా తెచ్చి కీలుగా నిలబెట్టవచ్చు; అది పిల్లవాడితో పాటు పెరుగుతుంది, అయితే ఒక్కోసారి మితిమీరి పెరుగుతుంది.

మత్తు విషయం తప్పక అడగండి. నోరు తెరుచుకోదు కాబట్టి, సన్నని కెమెరా గొట్టం సాయంతో ముక్కు ద్వారా శ్వాసగొట్టం వేయడంలో అనుభవమున్న మత్తు వైద్యులు ఉండాలి.

జవాబు 2

నాకు పదకొండో ఏట ఈ ఆపరేషన్ జరిగింది. నేను నొప్పికి ఏడుస్తున్నానని ఇంట్లో నోటి వ్యాయామాలు మాన్పించారు, ఏడాదిన్నరకే దవడ మళ్లీ బిగుసుకుంది. రెండోసారి అమ్మ పట్టు వదలలేదు. పళ్ల మధ్య చెక్క పుల్లలు ఒకదానిపై ఒకటి పేర్చి, పట్టినన్ని లెక్కపెట్టి, ఆ అంకెను రోజూ క్యాలెండరు మీద రాసేది. ఏడాది పాటు రాసింది. ఇప్పటికీ నా నోట్లో పదిహేడు పుల్లలు పడతాయి.

ప్రశ్న అడిగినవారు

వాడు రాత్రంతా గురక పెడతాడు, మధ్యలో ఉలిక్కిపడి లేస్తాడు. ఇది కూడా దీనివల్లేనా?

జవాబు 1

అయి ఉండవచ్చు. ముందుగా నిద్రలో శ్వాస పరీక్ష చేయించండి. ఊపిరి ఆగుతున్నట్లు తేలితే, రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున దవడను సాగదీసే పరికరంతో ముందు గాలి దారిని వెడల్పు చేసి, కీలును ఆ తరువాత విడదీసే పద్ధతి ఉంది. మీ వైద్యునితో ఈ వరుస గురించి మాట్లాడండి.