మూడుసార్లు షాక్ ఇచ్చినా గుండె మళ్లీ గాడి తప్పింది, పొటాషియం తక్కువట. ఏంది సంగతి?

పొదిలి కుర్రోడు:
మా నాయనకు 64 ఏళ్లు. గుండె బలహీనంగా ఉందని రెండేళ్లుగా లాసిక్స్ (ఒంట్లో నీరు మూత్రంలో పోయేందుకు ఇచ్చే మాత్ర) వాడుతున్నాడు. పోయిన వారం నాలుగు రోజులు విరేచనాలు. గంజి తప్ప లోపలికి ఏం పోలా. మాత్ర మాత్రం ఆపలా, దగ్గరుండి నేనే వేయించా. ఒంగోలు తీసకపోతే ఆసుపత్రి మంచం మీదే కళ్లు తేలేశాడు. షాక్ ఇస్తే లేచాడు. పది నిమిషాలకు మళ్లీ అంతే. అట్టా మూడుసార్లు. ఆనక రిపోర్టు వచ్చింది: పొటాషియం 2.3, మెగ్నీషియం కూడా తక్కువ. రెండూ సెలైన్‌లో ఎక్కించాక మళ్లీ షాక్ అవసరం పడలా. అంత మిషన్ ఉండగా ఈ ఉప్పులతో పనేంది?

నెల్లూరు ఐసీయూ సిస్టర్:
షాక్ చేసేది ఒకటే పని తమ్ముడూ. పిచ్చిగా వణికే గుండెను ఒక్క క్షణం ఆపుతుంది. తర్వాత లయ అందుకోవాల్సింది గుండే. కరెంటు లో-వోల్టేజిలో ఉంటే బోరు మోటారు స్టార్టర్ ఎన్నిసార్లు నొక్కినా ట్రిప్ అవుద్ది కదా, అట్టా. పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. బాగా తగ్గితే గుండె కొట్టుకున్న ప్రతిసారీ కండరం తేరుకోవడం ఆలస్యమై, ఆ సందులో లయ తప్పిన దొంగ దెబ్బలు పుట్టి గుండె మళ్లీ గాడి తప్పుద్ది. మీ నాయనకు విరేచనాల్లో కొంత పోయింది, లాసిక్స్‌తో మూత్రంలో ఇంకొంత. మెగ్నీషియం తక్కువైతే కిడ్నీలు పొటాషియాన్ని పట్టి ఉంచలేవు, ఎంత ఎక్కించినా కారిపోతానే ఉంటది. అందుకే రెండూ పెట్టారు.

పొటాషియం ఇంజెక్షన్ నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోద్ది. అందుకే ఆ యాంప్యూల్స్ మా దగ్గర వేరే అరలో, ఎర్ర స్టిక్కరుతో ఉంటాయి. సెలైన్‌లో కలిపి, మానిటర్ చూసుకుంటా మెల్లగా పంపుతాం.

చీరాల బాబాయ్:
రోజుకో కొబ్బరి బోండాం తాగించు, అన్నీ సర్దుకుంటాయి.

కనిగిరి నుంచి:
బాబాయ్, అందరికీ ఆ మాట చెప్పబాకండి. మా అమ్మ డయాలసిస్ మనిషి. ఒక వారం డయాలసిస్ తప్పి, పైగా రెండు బోండాలు తాగితే పొటాషియం 7.4కు పోయింది. ఈసీజీలో గీతలు గుడారాల్లా లేచాయి. కాల్షియం ఇంజెక్షన్, ఇన్సులిన్‌తో గ్లూకోజు ఇచ్చి డయాలసిస్‌కు తీసకపోయారు. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పులో కూడా పొటాషియమే ఉంటదని అప్పుడే తెలిసింది.

పొదిలి కుర్రోడు:
అక్కా, ఈసారి విరేచనాలు పట్టుకుంటే లాసిక్స్ ఆపేయాలా?

నెల్లూరు ఐసీయూ సిస్టర్:
నీ అంతట నువ్వు ఆపబాక, వేయబాక. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చెయ్యి. ఇంటికి పంపేటప్పుడు మళ్లీ రక్తపరీక్ష ఎప్పుడని అడిగి, చీటీ మీద రాయించుకో.