ఐబెక్స్ మ్యాప్‌లో నిలువు గీత: స్మూతింగ్ చేసేయొచ్చా?

తోకచుక్క_22:
సౌరకుటుంబం సరిహద్దును నాసా ఉపగ్రహం ఐబెక్స్, అక్కడి నుంచి వచ్చే తటస్థ పరమాణువులను లెక్కిస్తూ ఎలా గీసిందో స్వయంగా చేసి చూడాలని, దాని ‘హై’ సెన్సర్ (ఎక్కువ శక్తి పరమాణువులను పట్టేది) కౌంట్స్ ఫైళ్లు దించుకున్నాను. పైథాన్ రోజూ రాసే పనే, ఖగోళం మాత్రం కొత్త. ఆరు నెలల డేటాను ఆరు డిగ్రీల పిక్సెళ్లలో పరిచాను. రిబ్బన్ (ఆకాశంలో పరమాణువులు ఎక్కువగా వచ్చే సన్నటి వంపు) కనిపించింది! 2009లో వాళ్లు ప్రకటించిన ఆ వంపు నా స్క్రీన్ మీద కనిపిస్తుంటే ఒళ్లు పులకరించింది.

కానీ రెండు చోట్ల, సరిగ్గా ఒకదానికొకటి ఎదురెదురుగా, నిలువుగా అతుకులా ఒక గీత వస్తోంది. ఇటు వెలుగు ఎక్కువ, అటు తక్కువ. 0.71 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్ట్, పరమాణువు శక్తికి కొలమానం) చానెల్లో కొట్టొచ్చినట్టు ఉంది, 4.29లో అంతగా తెలియట్లేదు. క్రాంతివృత్తం (ఆకాశంలో సూర్యుడు కదిలే దారి) దగ్గర తేడా బాగా ఉంది, ధ్రువాల దగ్గర లేనే లేదు. గాసియన్ స్మూతింగ్ (పక్క పిక్సెళ్లతో కలిపి నునుపు చేయడం) చేస్తే పోతోంది. ఉంచుకోవచ్చా?

పిక్సెల్_కూలీ:
స్మూతింగ్ వద్దండీ. గీతతో పాటు రిబ్బన్ అంచులు కూడా కరిగిపోతాయి. నేను ఈ తటస్థ పరమాణువుల మ్యాపులతోనే పనిచేస్తాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఐబెక్స్ నిమిషానికి నాలుగు చుట్లు తిరుగుతుంది. ఇరుసు సూర్యుడి వైపు, సెన్సర్లు దానికి లంబంగా. అందుకే ఒక్కసారికి దానికి దక్కేది ఆకాశంలో సుమారు ఏడు డిగ్రీల వెడల్పున్న వలయం. భూమితో పాటు జరుగుతూ పోతే ఆరు నెలలకు ఆకాశమంతా పూర్తవుతుంది. ఆ వలయంలో సగం భూమి వెళ్లే దిక్కున ఉంటుంది, సగం వెనక్కి. మీ గీతకు ఇటూ అటూ ఉన్న పిక్సెళ్లు పక్కపక్కనే ఉన్నా, వాటిని చూసింది ఆరు నెలల తేడాతో: ఒకదాన్ని ఎదురెళ్తూ, ఇంకోదాన్ని దూరమవుతూ.

భూమి వేగం సెకనుకు 30 కి.మీ. 0.71 కేఈవీ హైడ్రోజన్ పరమాణువు వేగం సుమారు 370. వానలో బండి నడిపితే చినుకులు ముఖానికి గట్టిగా తగిలినట్టే, ఎదురెళ్లేటప్పుడు పరమాణువులు ఉన్నదానికంటే ఎక్కువ శక్తితో కనిపిస్తాయి. లెక్క వేసి చూడండి: అదే చానెల్ ఎదురు వైపు నిజానికి కొలుస్తున్నది 0.60 కేఈవీ పరమాణువులను, వెనక వైపు 0.83 వాటిని. తక్కువ శక్తి దగ్గర పరమాణువులు ఎక్కువ కాబట్టి ఎదురు వైపు వెలుగు ఎక్కువ. 4.29 దగ్గర వేగం 900 దాటుతుంది, అక్కడ 30 పెద్ద లెక్కలోకి రాదు. ధ్రువాల వైపు చూసేటప్పుడు భూమి కదలిక పక్కకే ఉంటుంది కాబట్టి అక్కడ గీత రాదు. దీన్నే కాంప్టన్-గెటింగ్ ప్రభావం అంటారు. మీరు గమనించి రాసిన మూడు సంగతులూ దానికి అతికినట్టు సరిపోయాయి.

సరిదిద్దడం మ్యాప్ అయ్యాక కాదు, పట్టీల (ఒక్కో వలయం డేటా) దశలోనే. ప్రతి పట్టీలో ప్రతి కోణానికీ నిజమైన శక్తి లెక్కకట్టండి. ఫ్లక్స్‌ను (పరమాణువుల ప్రవాహం) శక్తితో భాగిస్తే వచ్చే విలువ నౌక నుంచి చూసినా సూర్యుడి నుంచి చూసినా మారదు, దాన్ని పట్టుకుని మార్చండి. తర్వాత పక్క చానెళ్ల సాయంతో స్పెక్ట్రమ్ వాలు (శక్తి పెరిగేకొద్దీ ఫ్లక్స్ ఎలా తగ్గుతుందో) తీసి, అన్నిటినీ ఒకే శక్తికి తెచ్చుకోండి.

ఇంకోటి, పట్టీలను కలిపేటప్పుడు రేట్ల సగటు తీయకండి. కౌంట్స్ అన్నీ ఒకచోట కూడి, ఎక్స్‌పోజర్ సమయాలు ఒకచోట కూడి, చివర్లో భాగించండి. చంద్రుడు, భూమి అయస్కాంతావరణం అడ్డొచ్చిన సమయాలు తీసేశాక కొన్ని పిక్సెళ్లకు మిగిలేది చాలా తక్కువ. అలాంటిచోట మూడు కౌంట్స్ పడితే, బాగా చూసిన పిక్సెల్‌తో దానికి సమాన ఓటు ఇచ్చినట్టవుతుంది.

నీలిగీత:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. వాయేజర్ 1 2012లో, వాయేజర్ 2 2018లో హీలియోపాజ్ (సౌర పవనం ఆగిపోయే సరిహద్దు) దాటేశాయి కదా. ఇంకా దూరం నుంచి ఈ తంటాలెందుకు?

పిక్సెల్_కూలీ:
అవి దాటింది రెండే చోట్ల, రెండూ దాదాపు 120 ఖగోళ ప్రమాణాల (ఒకటి అంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరం) దూరంలో. అవి అక్కడి అయస్కాంత క్షేత్రాన్ని నేరుగా కొలిచాయి, దానికి సాటి లేదు. కానీ రిబ్బన్ వాటి రెండు దారుల మధ్య ఉంది, దాని సంగతి వాటికి తెలియదు. ఆకాశం మొత్తం చూస్తే తప్ప దొరకదు. 2025 సెప్టెంబరులో ఐమ్యాప్ అనే కొత్త నౌకను పంపింది కూడా ఇదే చూపును ఇంకా పదును చేయడానికి.

నన్ను ఈ మ్యాపుల దగ్గర కట్టిపడేసేది ఇంకొకటి. 100 ఖగోళ ప్రమాణాల దూరం నుంచి రావడానికి 4.29 కేఈవీ పరమాణువుకు ఆరు నెలలు చాలు, 0.71 దానికి 15 నెలల పైనే. అంటే ఒకే రోజు తీసిన రెండు చానెళ్లు సరిహద్దు రెండు వేర్వేరు కాలాల్లో ఎలా ఉందో చూపిస్తాయి. 2014 చివర్లో సౌర పవనం ఒత్తిడి ఒక్కసారిగా పెరిగితే దాని జవాబు 2016 చివర్లో గానీ ఐబెక్స్‌కు అందలేదు. వెళ్లడానికీ, తిరిగి రావడానికీ అంత సమయం పట్టింది. కాబట్టి చానెళ్లను పోల్చేటప్పుడు తేదీలు చూసుకుని పోల్చండి.

తోకచుక్క_22:
పట్టీల దశలోనే సరిదిద్దాను. పై మూడు చానెళ్లలో గీత మాయం! 0.71లో మాత్రం లీలగా ఇంకా ఉంది. దారిలో నశించిపోయే పరమాణువుల లెక్క ఇంకా కలపలేదు, కారణం అదేనా?

పిక్సెల్_కూలీ:
కొంతవరకు కావచ్చు. నెమ్మదిగా వచ్చేవి సూర్యుడి దగ్గర ఎక్కువసేపు ఉంటాయి కాబట్టి వాటికే నష్టం ఎక్కువ. ఎంత నష్టమన్నది సౌరచక్రంతో మారుతుంది, అందుకే ఒకే స్థిరసంఖ్యతో గుణించకండి, ఆయా తేదీల విలువలు తీసుకోండి.

దానికంటే ముందు ధ్రువాల పిక్సెళ్లు చూడండి. వాటిని ఐబెక్స్ ఏడాది పొడవునా ప్రతి చుట్టులోనూ చూస్తుంది, భూమి వేగం ప్రభావం కూడా అక్కడ లేదు. 0.71లో అవి వారం వారం ఎగుడుదిగుడుగా ఉంటే తప్పు ఈ సవరణలో లేదు, బ్యాక్‌గ్రౌండ్ వడపోతలో ఉంది. అవి నిలకడగా ఉంటే స్పెక్ట్రమ్ వాలు దగ్గరికి వెళ్లండి. 0.71 కింద మీకు ఇంకో చానెల్ లేదు కాబట్టి, అక్కడ వాలును ఒక పక్క నుంచే తీసి ఉంటారు. అధికారిక మ్యాపులు సవరణతోనూ, సవరణ లేకుండానూ రెండు రకాలుగా దొరుకుతాయి. మీ పట్టీలను వాటి పక్కన పెట్టి చూసి, తేడా ఎక్కడ మొదలవుతోందో ఇక్కడ పెట్టండి.