చిన్న మెదడు చితికితే నిజంగా ఏమవుతుంది?

"నీకేమన్నా చిన్న మెదడు చితికిందా" అని తిడతాం కదా, ఆ మాట మీద ఒక చర్చ పెడదామని. తిక్కతిక్కగా మాట్లాడేవాణ్ణి అంటాం, అర్థంకాని లెక్క చూసి మనల్ని మనమే అనుకుంటాం, మీమ్స్‌లో అయితే చెప్పక్కర్లేదు. తెలివికీ ఆలోచనకీ పెద్ద మెదడు ఉండగా తిట్టు మాత్రం చిన్నదాని మీద ఎందుకు పడింది? డాక్టర్లూ తెలుగు మాస్టార్లూ ఇద్దరూ ఉన్న గ్రూపు కాబట్టి అడుగుతున్నా.

– సౌండు కుదిరింది కాబట్టి. చిన్న, చితికింది, చి-కి చి పడింది, నోరు తిరుగుతుంది. అంతే.

– అలా అయితే పెద్ద మెదడు పగిలింది అన్నా ప-కి ప పడుతుందిగా. నాకైతే "చిన్న" లోనే వెటకారం వినిపిస్తుంది, అసలే నీకున్నది కాస్త, అది కూడా పోయింది అన్నట్టు. పెద్ద మెదడు అంటే తిట్టులో కూడా మర్యాద ఇచ్చినట్టుంటుంది 😀

– మా దిక్కు దిమాక్ ఖరాబైందా అంటం. అండ్ల చిన్నది పెద్దది అని లెక్క లేదు, మొత్తం ఖరాబే.

– పదో తరగతికి జీవశాస్త్రం చెప్తాను. పుస్తకంలో పెద్ద మెదడు మస్తిష్కం, చిన్న మెదడు అనుమస్తిష్కం. అనుమస్తిష్కం ఏ పిల్లాడికీ గుర్తుండదు, చిన్న మెదడు అనగానే క్లాసంతా నవ్వుతుంది, అది మాత్రం గుర్తుంటుంది. లాటిన్‌లో సెరిబెల్లమ్ అన్నా అర్థం చిన్న మెదడే, కాబట్టి మన మాట నాటుది అని చిన్నబుచ్చుకోవక్కర్లేదు. సైజులో చిన్నదే, మొత్తం మెదడులో పదో వంతు, కానీ 2009లో ఒక బృందం లెక్క వేస్తే మెదడులో ఉన్న 8,600 కోట్ల న్యూరాన్లలో (నాడీ కణాల్లో) సుమారు 6,900 కోట్లు దీంట్లోనే ఉన్నాయని తేలింది. ఇంత జనాభా పెట్టుకుని తిట్లు తినడం దాని ఖర్మ.

– నేను ఫిజియోని, న్యూరో పేషెంట్లతోనే రోజూ పని, అందుకే ఈ తిట్టు విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. చిన్న మెదడు దెబ్బతిన్నవాళ్లకి సామాన్యంగా పిచ్చి పట్టదు, మనిషిని గుర్తుపడతారు, పాత బాకీలు కూడా గుర్తుంటాయి, కానీ నిలబడమంటే కాళ్లు ఎడంగా పెట్టి ఊగుతారు, గ్లాసు అందుకోబోతే చెయ్యి దాన్ని దాటి పోతుంది లేకపోతే ముందే ఆగిపోతుంది, దగ్గరికి వెళ్లేకొద్దీ వణుకు పెరుగుతుంది. ముక్కు ముట్టుకుని నా వేలు ముట్టుకోండి అని డాక్టర్లు చేయించేది దీనికే. అరచెయ్యి బోర్లా వెల్లకిలా గబగబా తిప్పమంటే లయ తప్పుతుంది. మాట కూడా పూర్తిగా పోదు, ఒక్కో అక్షరం విడిగా ఊడిపడినట్టు వస్తుంది. ఇంకో సంగతి, పెద్ద మెదడులో ఎడమ పక్క దెబ్బ తగిలితే కుడి చెయ్యి కుడి కాలు పడిపోతాయి, చిన్న మెదడుకి మాత్రం ఏ పక్క దెబ్బో ఆ పక్కే తేడా.
ఇదంతా వరసగా రాసి పెట్టినవాడు గోర్డన్ హోమ్స్ అనే డాక్టరు, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో బ్రిటిష్ సైన్యానికి పనిచేశాడు, తల వెనక, అంటే చిన్న మెదడు ఉండే చోట, బుల్లెట్ దెబ్బలు తగిలిన సైనికుల్ని చూసి 1917లో పేపర్ రాశాడు. ఆయన పేషెంటు ఒకాయన చెప్పింది నాకు భలే నచ్చుతుంది, ఎడమ చెయ్యి దానంతట అదే ఆడుతోంది, కుడి చెయ్యి అయితే ప్రతి కదలికా ఆలోచించి చెయ్యాల్సి వస్తోంది అన్నాడట. అంటే ఆలోచన పోలేదండీ, ఆలోచించకుండా చేసే పని పోయింది.

– అయితే తిట్టు పూర్తిగా తిరగబడింది అన్నమాట! బుద్ధి నిక్షేపంగా ఉండి నడక తూలే మనిషిని పట్టుకుని బుద్ధి లేదంటున్నాం.

– మా బాబాయికి ఇదే. ఫిట్స్ బిళ్లల డోసు ఎక్కువై తూలేవాడు, పొద్దున్నే తాగొచ్చాడని ఊళ్లో నలుగురూ నాలుగు మాటలు అన్నారు, ఆయన జన్మలో మందు ముట్టలేదు. డోసు సరిచేశాక తగ్గింది, మాటలు మాత్రం ఉండిపోయాయి.

– తాగినవాడితో పోలిక ఊరికే రాలేదు బ్రదర్, మద్యం కూడా చిన్న మెదడు మీద పనిచేస్తుంది. మన దగ్గర పోలీసులు మెషీన్‌లో ఊదమంటారు, ఇక్కడ అమెరికాలో మడమకి వేళ్లు ఆనించి గీత మీద తొమ్మిది అడుగులు నడిపిస్తారు, వెనక్కి తిరిగి మళ్లీ తొమ్మిది. న్యూరాలజిస్టు దగ్గర చేయించేదీ దాదాపు అదే నడక.

– ఒక చిన్న అభ్యంతరం ఫిజియో గారూ. 1998లో ష్మామాన్, షెర్మన్ అని ఇద్దరు, చిన్న మెదడు దెబ్బతిన్న కొందరిలో ప్లానింగ్ తగ్గడం, మాట తట్టకపోవడం, భావాలు చప్పబడటం లేకపోతే అదుపు తప్పడం కూడా ఉంటాయని రాశారు. కాబట్టి తిట్టులో రవ్వంత నిజం ఉంది. ఇంకో వింత, 2014లో చైనాలో 24 ఏళ్ల అమ్మాయికి తల తిరుగుతోందని స్కాన్ తీస్తే అసలు చిన్న మెదడే లేదు, ఆ చోటంతా నీరు. ఏడేళ్లకి నడిచింది, ఆరేళ్లకి మాట తేలింది, నడక కొంచెం తేడా, అయినా పెళ్లయి బిడ్డ కూడా ఉంది. పుట్టుకతోనే లేకపోతే మిగతా మెదడు చాలావరకు సర్దుకుంటుంది, పెద్దయ్యాక చితికితే అంత సుళువు కాదు.

– ఒప్పుకుంటున్నా సార్, కానీ ఓపీలో ముందు కనిపించేది తూలడమే. పనిలో పని ఇంకోటి, ఎండాకాలం వడదెబ్బ గట్టిగా తగిలినవాళ్లలో కొందరికి జ్వరం తగ్గాక కూడా తూలడం, మాట ముద్దవడం ఉండిపోతాయి, చిన్న మెదడులోని పర్కింజే అనే నాడీ కణాలు వేడికి తట్టుకోలేవు.

– మరి బుద్ధి మారిందా అని శాస్త్రం ప్రకారం తిట్టాలంటే ఏమనాలి? 😅

– నుదురు వెనక భాగం అనాలి. 1848లో అమెరికాలో రైలు మార్గం పనుల్లో ఫినియస్ గేజ్ అనే మేస్త్రీకి ఇనప గునపం ఎడమ చెంప ఎముక కింద దూరి, నుదుటి వెనక మెదడుని చీల్చుకుని నడినెత్తి మీదుగా బయటికి పోయింది, బతికాడు, నడిచాడు, మాట్లాడాడు, కానీ నెమ్మదస్తుడు కాస్తా బూతులు తిడుతూ మొండికేస్తున్నాడని చూసిన డాక్టరే రాశాడు. తర్వాత చిలీ వెళ్లి గుర్రబ్బండి తోలాడు, అంటే జీవితాంతం అలాగే ఉన్నాడని కూడా చెప్పలేం.

– "నీ నుదుటి వెనక భాగం చితికిందా"... ఊహూ, పలకట్లేదు.

– ఫిజియోగా చివరి మాట. ఉన్నట్టుండి తల తిరిగి, వాంతులై, కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోతుంటే గ్యాసు అనీ పైత్యం అనీ నిమ్మరసం ఇచ్చి పడుకోబెట్టకండి. చిన్న మెదడు స్ట్రోక్ అలాగే వస్తుంది, చెయ్యీ కాలూ పడిపోకపోవచ్చు, మొదటి రోజు సీటీ స్కాన్‌లో కనపడకపోవచ్చు కూడా, ఎమ్మారై కావాలి. వాపు వస్తే పక్కనే ఉన్న మెదడు కాండాన్ని నొక్కేస్తుంది, అక్కడే ఊపిరి కంట్రోల్.